పెద్దమ్మ పంటినొప్పి మీద లెక్కలు

జూన్ 4

పెద్దమ్మకి,

నీ చెవి ఎలా ఉందని అడగను. అడిగితే “ఒకటి పోయింది, రెండోదానికి వినదగ్గ మాట ఎవరూ చెప్పడం లేదు” అంటావు. ఫోన్ ఎత్తవు, మెసేజ్ చూడవు. ఈ కాలంలో నీ ఒక్కదాని కోసం కలం కొనుక్కుని మరీ రాస్తున్నాను. చేతిరాత చూసి తిట్టకు.

విశేషం ఏమిటంటే మా కంపెనీవాళ్ళు నన్ను నాయకురాలిని చేస్తున్నారు. నవ్వకు. మా స్టాటిస్టిక్స్ విభాగం హెడ్ వచ్చే ఏడాది రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ కావాలనుకునేవాళ్ళు ముందు నాయకత్వం నేర్చుకోవాలట. దానికో కోర్సు, ఆ కోర్సుకో మాస్టారు. నేనాయనకి చప్పట్ల మాస్టారని పేరు పెట్టాను. ఎవరు నోరు విప్పినా ముందు అందరిచేతా చప్పట్లు కొట్టిస్తాడు. నిన్న ఒకాయన “టాయిలెట్ ఎటు?” అని అడిగితే సగంమంది అలవాటుగా కొట్టేశారు.

మొదటి రోజు అందర్నీ గుండ్రంగా నిలబెట్టి “మీరు ఏ జంతువు?” అని అడిగాడు. నా ఎదురు గదిలో కూర్చునే అతను రొమ్ము విరుచుకుని “సింహం” అన్నాడు. లెక్కల పట్టికలు సరిచూడమంటే తలనొప్పి అని ఇంటికి వెళ్ళిపోయే మనిషి! నా వంతు వచ్చింది. “చెప్పడానికి నా దగ్గర తగినంత సమాచారం లేదండీ” అన్నాను. హాస్యానికే అన్నాను. ఆయన మాత్రం “ఆత్మవిశ్వాసం పెంచుకోవాలి” అని రాసుకున్నాడు.

పోనీ అది వదిలెయ్. పోయిన నెల మీటింగులో, మా కంపెనీ మందుల ట్రయల్స్ చూసే గడ్డం డాక్టరు ఒక గ్రాఫు బొమ్మ వేసి చూపించాడు. మందు మొత్తం మీద పనిచేయలేదు గానీ, నలభై ఏళ్ళలోపు ఆడవాళ్ళని విడిగా తీసి చూస్తే పనిచేసినట్టు కనిపిస్తోందట. ఎంతమంది ఉన్నారు ఆ గుంపులో? గుప్పెడు. నేను లేచి, “సంఖ్య తక్కువ కావడం వల్లనూ, ఈ విభజన ముందుగా అనుకున్నది కాకపోవడం వల్లనూ, కొంత జాగ్రత్తగా అన్వయించుకోవాల్సిన అవసరం ఉండవచ్చునేమో...” అంటూ ఉండగానే ఆయన “థాంక్యూ, చాలా ఉపయోగకరంగా ఉంది” అన్నాడు. బొమ్మ అక్కడే ఉంది. బయటికొచ్చాక మా డైరెక్టరు నన్ను ఆపింది. “నువ్వు చెప్పేది ఎప్పుడూ కరెక్టే. కానీ నువ్వు చెప్పడం పూర్తయ్యేసరికి మేం నిర్ణయం తీసేసుకుని ఉంటాం” అంది.

నువ్వు ఈ మందుల కంపెనీల్లో ముప్ఫై ఏళ్ళు నెగ్గుకొచ్చావు కదా. ఏం చేసేదానివో చెప్పు. అమ్మ నీకు ఒంట్లో జాగ్రత్త అని చెప్పమంది.

నీ కూతురు లాంటి,
పాయింటు


జూన్ 15

ఒసే పాయింటూ,

నాలుగేళ్ళ వయసులో ఒళ్ళు కాలిపోతూ ఉండి కూడా “జ్వరం నూటొకటి కాదు, నూటొకటి పాయింటు రెండు” అని డాక్టరునే సరిదిద్దావు. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల మన వృత్తిలోకే వచ్చి చెడిపోతుందని.

ఆ జంతువుల మాస్టారికి చెప్పాల్సిన జవాబు ఒక్కటే. “గాడిదనండీ. డాక్టర్ల ఆశలన్నీ వీపు మీద మోస్తాను, అప్పుడప్పుడూ తంతాను” అనాల్సింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆయనకి ఫీజు ఇస్తున్నంత కాలం చప్పట్లు కొట్టండి, చేతులకి వ్యాయామం.

ఇక నీ సంగతి. ఆయన్ని తిట్టినంత తేలిగ్గా నిన్ను వదలను. మనవాళ్ళకి ఒక జబ్బుంది. భయాన్ని తీసుకెళ్ళి ఖచ్చితత్వం అని పేరు పెట్టుకుంటాం. “ఉండవచ్చునేమో” అన్నావే, అందులో లెక్క ఎంత, పిరికితనం ఎంత? డాక్టరు అబద్ధం మూడు ముక్కల్లో చెప్పాడు. నువ్వు నిజాన్ని ముప్ఫై ముక్కలు చేశావు. ఎవరు వింటారే?

మొదటి వాక్యంలో జవాబు చెప్పు. తర్వాతి వాక్యంలో, నీ మాట వినకపోతే ఏమవుతుందో చెప్పు. ఆ తర్వాత నోరు మూసుకో. నీ మిగతా పాండిత్యమంతా వాళ్ళు అడిగితేనే. వంటంతా అయ్యాక ఉప్పు సరిచూడమని పిలుస్తారు చూడు, అలాంటి మీటింగులకి వెళ్ళకు. బియ్యం కొలిచేటప్పుడే గదిలో ఉండు. డాక్టరు నీకు తెలియని మాట వాడితే అప్పుడే అడుగు. మనకి వైద్యం రాదని వాళ్ళకి ఎలాగూ తెలుసు. వచ్చినట్టు తలాడించడం వల్లనే లోకువైపోతాం.

నా మట్టుకు నేను బాగానే ఉన్నాను. వారానికి మూడు రోజులు ఆ చిన్న ఆఫీసుకి వెళ్తూనే ఉన్నాను. మందుల ట్రయల్స్ సవ్యంగా నడుస్తున్నాయా అని చూసే, కంపెనీలతో సంబంధం లేని బయటి కమిటీలకి మేం లెక్కలు చేసిపెడతాం. ట్రయల్ నడుస్తుండగా ఎవరికి మందు, ఎవరికి ఉత్తి గుళిక అన్నది కంపెనీలో పురుగుకి కూడా తెలియకూడదు కదా. ఆ ముసుగు తీసి లోపలికి చూసేది నేను, చూసి చెప్పేది ఆ కమిటీకి మాత్రమే. ఏ కంపెనీ, ఏ మందు అని నన్ను అడక్కు. పడుకున్నప్పుడు కూడా ఆ పేర్లు పలవరించకుండా పళ్ళు బిగించి పడుకుంటాను. ఈ పని ఉన్నన్నాళ్ళూ నాకు ముసలితనం రాదు.

వంటింటి కుళాయి కారుతోంది. బాగుచేయడానికొచ్చినవాడు చూసి, తల ఊపి, వెళ్ళిపోయాడు. అతనికీ నాయకత్వం నేర్పించి ఉంటారు.

పెద్దమ్మ


జూలై 8

మా గురువుగారికి,

పనిచేసింది! గడ్డం డాక్టరు మళ్ళీ ఆ నలభై ఏళ్ళలోపు ఆడవాళ్ళ బొమ్మ పెట్టాడు. ఈసారి లేవకుండానే, కూర్చున్నచోటు నుంచే, “ఆ బొమ్మ తీసేయండి. దాన్ని నమ్మి ఇంకో ట్రయల్ పెడితే అదీ పోతుంది” అన్నాను. అంతే. నోరు మూసుకున్నాను. ఎంత కష్టమైందో తెలుసా, నాలుక చివర పదిహేను “అయితే”లు క్యూ కట్టాయి. ఆయన గడ్డం నిమురుకుని, ముందు నన్ను చూసి, తర్వాత డైరెక్టరుని చూసి బొమ్మ తీసేశాడు. చప్పట్ల మాస్టారు లేడు కాబట్టి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, బతికిపోయాను.

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నాను. మర్నాడే డైరెక్టరు పిలిచి కిడ్నీ మాత్ర ట్రయల్ నా చేతిలో పెట్టింది. దాన్ని నడిపేవాడు వేరే కంపెనీకి వెళ్ళిపోయాడట. కిడ్నీలు పాడవుతున్నవాళ్ళు డయాలిసిస్ దాకా వెళ్ళకుండా ఆపే మాత్ర. సగంమందికి మందు, సగంమందికి ఉత్తి గుళిక, మామూలే. నవంబరులో పెద్ద నిర్ణయం ఉంది. ఇంకా రోగుల్ని చేర్చుకోవాలా, ఉన్నవాళ్ళతో ముగించాలా అని. చేర్చుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. చేర్చుకోకపోతే, మందు నిజంగా పనిచేస్తున్నా బయటపడక చచ్చిపోవచ్చు. ముసుగు తీయకుండా, మొత్తం మీద ఎంతమంది కిడ్నీలు పోయాయన్న లెక్క ఒక్కటే చూసి చెప్పాలి. చెప్పేది నేను. నేను చెప్పినట్టే జరుగుతుందట. ఇది సరిగ్గా నడిపితే హెడ్ కుర్చీ నాదేనని డైరెక్టరు అనీ అననట్టుగా అంది.

మొదటి ప్రణాళిక రాసిచ్చేశాను. సంఘటనలు, అంటే కిడ్నీలు పోయిన కేసులు, మేం అనుకున్నదానికన్నా తక్కువగా వస్తే రోగుల్ని పెంచుదామని రాశాను. గడ్డం డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. కానీ నువ్వు ఒకసారి చూస్తే నాకు ధైర్యం. వివరాలన్నీ ఇంకో ఉత్తరంలో పంపిస్తాను, ఆదివారం కూర్చుని నీ అభిప్రాయం రాయి. నీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా తెలివితక్కువ ప్రశ్నలు అడగలేను.

గాల్లో తేలుతున్న,
పాయింటు


జూలై 17

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది.

కింది దవడలో పన్ను ఒకటి పుచ్చిపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన దగ్గర ఎక్కించే కుర్చీ కిరకిరమంటుంది, నొప్పి కన్నా ఆ చప్పుడే భయం పుట్టిస్తుంది. నోరంతా తెరిపించి, చేతులు లోపల పెట్టి, “మీవాళ్ళంతా బాగున్నారా?” అని అడుగుతాడు. ఏం చెప్పమంటావు? కుళాయి ఇంకా కారుతోంది. కింద బకెట్ పెట్టాను, నిండాక మొక్కలకి పోస్తున్నాను. మొక్కలు బాగున్నాయి.

ఇకమీదట నీ ఆఫీసు సంగతులు నాకు రాయకు. ఆ ట్రయల్ గురించి అసలే రాయకు. వివరాలు పంపితే చదవకుండా చించేస్తాను. నాకు ఈ లెక్కలంటే విసుగొచ్చింది. మీ అమ్మ మోకాళ్ళ సంగతి రాయి, వానల సంగతి రాయి.

పెద్దమ్మ


జూలై 29

పెద్దమ్మకి,

వానలు పడుతున్నాయి. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. సరిపోయిందా?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, ఎక్కడైనా ఒక్క ముక్క “బాగా చేశావే” అని ఉందేమోనని. కుళాయి ఉంది, బకెట్ ఉంది, మొక్కలు కూడా బాగున్నాయి. నేనే లేను అందులో.

విసుగొచ్చిందా? పోయిన నెల “ఈ పని ఉన్నన్నాళ్ళూ నాకు ముసలితనం రాదు” అని రాసింది ఎవరు? ముప్ఫై ఏళ్ళు పనిచేసి నువ్వు ఎప్పుడూ హెడ్ కాలేదు పెద్దమ్మా. ఎప్పుడూ డిప్యూటీవే. నీ పైన ముగ్గురు వచ్చి వెళ్ళారు. వాళ్ళు ఎంత చవటలో చిన్నప్పుడు మా ఇంట్లో కూర్చుని కథలు కథలుగా చెప్పేదానివి. అందని ద్రాక్షపళ్ళు పుల్లన అని అమ్మ అప్పట్లో నీ వెనకాల అంటే నేను అమ్మతో పోట్లాడాను. ఇప్పుడు అమ్మే కరెక్టేమో అనిపిస్తోంది. నేను సలహాలు అడుగుతూ కింద నిలబడి ఉన్నంతసేపూ ముద్దు. మెట్టెక్కేసరికి కడుపుమంట.

ఇలా రాయకూడదని తెలుసు. రాసేశాను. చించను. నువ్వే కదా “మొదటి వాక్యంలో జవాబు చెప్పు” అన్నావు.

నీ చెల్లెలి కూతురు


ఆగస్టు 14

అమ్మాయికి,

నోరు పారేసుకున్నావు. సరే. నా దగ్గర కాకపోతే ఎవరి దగ్గర పారేసుకుంటావు.

పన్ను పీకేశారు. వాపు తగ్గలేదు, మెత్తటివి తప్ప తినలేకపోతున్నాను. ఆ చిన్న ఆఫీసుకి వెళ్ళడం మానేశాను. వయసైంది. పొద్దున్నే లేచి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు అనుకుంటే లేవబుద్ధి కావడం లేదు. కిటికీ దగ్గర కూర్చుని వీధిలో వెళ్ళేవాళ్ళని తిట్టుకుంటున్నాను. వాళ్ళకి వినపడదు, నాకూ పెద్దగా వినపడదు, ఇద్దరికీ నష్టం లేదు.

కట్టుడు పన్ను పెడతానన్నాడు డాక్టరు. నిలుస్తుందా అని అడిగితే “పెద్ద ఆశ పెట్టుకోకండి” అన్నాడు. జీవితంలో మొదటిసారి ఒక డాక్టరు నోట నిజం విన్నాను. ఈ వయసులో దేని మీదా పెద్ద ఆశ పెట్టుకోకూడదు. నీకు ఈ వయసు రాలేదు గానీ, నువ్వు కూడా పెట్టుకోకు.

పెద్దమ్మ


అక్టోబర్ 20

పెద్దమ్మా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. జవాబు ముందు చెప్తాను. నన్ను క్షమించు.

నవంబరు మీటింగు కోసం కిడ్నీ ట్రయల్ ఫైళ్ళన్నీ తిరగేస్తున్నాను. అందులో ఒక కాగితం. బయటి కమిటీకి లెక్కలు చేసే ఆఫీసు నుంచి మా క్వాలిటీ విభాగానికి వచ్చింది. “మా సీనియర్ స్టాటిస్టీషియన్ జూలైలో ఈ ట్రయల్ నుంచి తప్పుకున్నారు. కారణం, ఈ ట్రయల్ నడిపే మీ సిబ్బందిలో ఆవిడ బంధువు ఒకరు చేరడం” అని ఉంది. ఆఫీసు పేరు నీ ఆఫీసుది. మా క్వాలిటీవాళ్ళు ఎవరా బంధువు అని కూడా అడగలేదు. ముద్ర కొట్టి, ఫైల్లో పెట్టి, నిద్రపోయారు.

నా ఉత్తరం అందిన వారానికే తప్పుకున్నావు. నేను నీకు కడుపుమంట అన్నాను. నీ ముసలితనానికి అడ్డుగా నిలబెట్టుకున్న పనిని నాకోసం వదిలేసి, కుళాయి గురించి రాస్తే, నేను నిన్ను అన్ని మాటలన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇంకొకటి చెప్పాలి. చెప్పకూడదేమో గానీ నీకు కాకపోతే ఎవరికి చెప్తాను? ఆ కాగితం చూశాక నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీశాను. నువ్వు ముసుగు తీసి లోపల చూశావు, మందు సంగతి నీకు తెలుసు. జూన్లో నవ్వుతూ రాశావు. తర్వాత ఒక్కసారిగా దిగులు. “దేని మీదా పెద్ద ఆశ పెట్టుకోకూడదు” అన్నావు. నాకే చెప్పావు, “నువ్వు కూడా పెట్టుకోకు” అని. పన్ను పేరు పెట్టి చెప్పావు అంతే. నాకు అర్థమైంది పెద్దమ్మా. మందు పనిచేయడం లేదు. నువ్వు నోరు విప్పి చెప్పలేదు కాబట్టి నీ తప్పేం లేదు.

అందుకని నవంబరులో రోగుల్ని పెంచొద్దని చెప్పబోతున్నాను. నా పాత ప్రణాళిక వెనక్కి తీసుకుంటాను. పనిచేయని మాత్ర కోసం ఇంకొన్ని వందలమందిని ఆశపెట్టి తిప్పడం పాపం కదా. ఖర్చు తగ్గించినందుకు డైరెక్టరు కూడా సంతోషిస్తుంది. ఎందుకు మార్చావంటే అనుభవం మీద అనిపించిందంటాను. చప్పట్ల మాస్టారు కూడా “నాయకులు లోపలి గొంతు వింటారు” అంటాడు. ఇది మనిద్దరి మధ్యే ఉంటుంది.

నీ పంటికి ఎలా ఉంది?

పాయింటు


అక్టోబర్ 27

ఒసే బుద్ధిలేనిదానా,

చదువుకున్నదానివని విర్రవీగకు. చదువుకోనిదానికి ఇంత తెలివితక్కువతనం చేతకాదు. గుప్పెడు ఆడవాళ్ళ బొమ్మ వేసినందుకు ఆ గడ్డపాయన్ని ఎగతాళి చేశావే, నువ్వు ఒక్క ముసలిదాని పన్ను చూసి మందు సంగతి తేల్చావు! ఎంతమంది నీ శాంపిల్లో? ఒకత్తి. ఏం కొలిచావు? దవడ వాపు. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్ళని చూశాను గానీ, పీకిన ఈకలతో దిండు కుట్టి దాని మీద పడుకునేదాన్ని నిన్నే చూస్తున్నాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నువ్వు ఊహించింది ఒప్పో తప్పో నేను చెప్పను. తప్పంటే అదీ చెప్పినట్టే. ఒప్పంటే అదీ చెప్పినట్టే. నేను ఇంత కోపంగా ఎందుకున్నానని ఆలోచించి, దాన్నుంచి కూడా ఏదో లాగుతావు, నాకు తెలుసు. “ఆవిడ గుట్టు బయటపడ్డందుకే కోపం” అనుకుంటావు. లేకపోతే “మంచి మందుని ఆపుతున్నానని కోపం” అనుకుంటావు. నా చేతులు ఎలా కట్టేశావో చూశావా? నిన్ను సరిదిద్దడానికి నా దగ్గర ఒక్క మాట కూడా లేకుండా చేశావు. ముప్ఫై ఏళ్ళలో నా పైన వచ్చిన ఆ ముగ్గురు చవటలు కూడా ఈ పని చేయలేకపోయారు.

అనుభవం మీద అనిపించిందంటావా? లోపలి గొంతా? అది నీ గొంతు కాదు, నాది. నాకు తెలియకుండా నా నోట్లోంచి దొంగిలించావు. నీ కంపెనీలో ఒక్కరికి కూడా తెలియకుండా, తెరచాటున తెలిసిందనుకున్నదాన్ని తెరముందు లెక్క అని అమ్మబోతున్నావు. దీన్ని నాయకత్వం అంటారా? మన వృత్తిలో దీనికి వేరే పేరుంది.

చేయాల్సింది ఒక్కటే. మీటింగుకి ముందు, లేదా మీటింగులోనే, నువ్వెవరివో నేనెవరినో చెప్పి ఆ నిర్ణయం నుంచి పక్కకి జరుగు. కుర్చీ పోతుందా? పోనీ. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. కమిటీ పెద్దాయనకి ఉత్తరం రాసి, కవరు అంటించి, బల్ల మీద పెట్టాను. నవంబరు నెలాఖరులోగా నువ్వు చెప్పినట్టు తెలియకపోతే పోస్టు చేస్తాను. చెల్లెలి కూతురివని ఆగను. ఇది బెదిరింపు కాదు. చెప్పి చేస్తున్నాను, అంతే.

ఇంకో సంగతి. ఆ ట్రయల్ అయిపోయి ఫలితం లోకానికి తెలిసేదాకా నా నుంచి నీకు ఉత్తరాలు రావు. నువ్వూ రాయకు. ఎండగా ఉందని రాసినా నువ్వు దాన్ని కొలుస్తావు.

పెద్దమ్మ


నవంబర్ 16

పెద్దమ్మా,

రాయొద్దన్నావు. ఇది జవాబు కోసం కాదు, నీ బల్ల మీది కవరు చించేయడానికి. కమిటీ పెద్దాయనకి మావాళ్ళే అన్నీ రాశారు.

మీటింగులో నా వంతు రాగానే చెప్పాను. “ఈ నిర్ణయం నేను తీసుకోకూడదు. తప్పుకున్న ఆ కమిటీ స్టాటిస్టీషియన్ మా పెద్దమ్మ. ఆవిడ నాకేమీ చెప్పలేదు. కానీ నేను ఆవిడ ఉత్తరాల్లో ఫలితం వెతుక్కున్నాను” అన్నాను. నా జీవితంలో నన్ను అందరూ చివరిదాకా విన్నది అదే మొదటిసారి.

గడ్డం డాక్టరు అడిగాడు, “ఏం వెతికారు?” అని.

“ఆవిడ పంటినొప్పిని” అన్నాను. సింహం ఒక్కడే నవ్వాడు.

డైరెక్టరు నవ్వలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, “ఫైళ్ళు అతనికి ఇచ్చేసి వెళ్ళు” అంది. అతను అంటే సింహం. మన ఉత్తరాలన్నీ క్వాలిటీవాళ్ళు తీసుకెళ్ళారు. ఆ ఆఫీసరు నీ కట్టుడు పన్ను భాగం రెండుసార్లు చదివి, “ఇందులో ఏముందండీ?” అన్నాడు. “ఏమీ లేదు. అదే నేను చేసిన తప్పు” అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఫారంలో ఆ తప్పుకి గడి లేదట.

ఉద్యోగం ఉంది. దగ్గుమందు సీసా ఎన్ని నెలలు పాడవకుండా ఉంటుందో లెక్క కడుతున్నాను. హెడ్ కుర్చీ సింహానిదే అని అందరూ అంటున్నారు. చప్పట్ల మాస్టారు కోర్సు చివర నాకు కాగితం ఇచ్చాడు. “సూటిగా మాట్లాడటంలో అద్భుతమైన ప్రగతి” అట. నవ్వొచ్చింది గానీ, నీకు ఉన్నమాట చెప్పాలి, ఇంటికొచ్చాక ఆ కుర్చీ కోసం ఏడ్చాను. బాగా ఏడ్చాను. అది నాకు కావాలి పెద్దమ్మా. చేయగలననే కావాలనుకున్నాను.

కిడ్నీ మాత్ర సంగతి ఏమైందో ఇక నాకు తెలియదు. రోగుల్ని పెంచారో లేదో కూడా ఎవరూ చెప్పరు, నేనూ అడగను. నువ్వు ఆ కవరు నిజంగా పోస్టు చేసేదానివే, నాకు తెలుసు. అందుకే నీ మీద నాకు కోపం లేదు.

పాయింటు


ఆ మరుసటి ఏడాది కూడా గడిచాక, మార్చి 2

ఒసే పాయింటూ,

నిన్న ఫలితాలు బయటికొచ్చాయి. ఇక నోరు విప్పవచ్చు. ఇన్నాళ్ళూ మీ అమ్మకి మాత్రం ఫోన్ ఎత్తేదాన్ని. మనిద్దరికీ నగల దగ్గర గొడవ వచ్చిందని తను గట్టిగా నమ్ముతోంది. కాదంటే ఇంకా నమ్ముతోంది. నాకున్న రెండు గాజుల కోసం ఎవరు కొట్లాడతారే? అయినా తనకి ఆ కథే బాగుందట, వదిలేశాను.

మందు పనిచేసింది. అద్భుతాలేం చేయలేదు. కానీ ఆ మాత్ర వేసుకున్నవాళ్ళలో చాలామందికి డయాలిసిస్ వెనక్కి జరిగింది. ఇంకో సంగతి రిపోర్టులో తెలిసింది. నవంబరులో రోగుల్ని పెంచారు. ఎందుకు పెంచారో తెలుసా? జూలైలో నువ్వు రాసిచ్చిన మొదటి ప్రణాళికలో అలా ఉంది కాబట్టి. సింహంగారికి సొంతంగా ఆలోచించే శ్రమ పడే అలవాటు లేదు కదా, ఉన్నదాన్ని ఉన్నట్టు అమలు చేసేశాడు. ఒక సోమరిపోతుని మెచ్చుకోవడం నాకు ఇదే మొదలు, ఇదే ఆఖరు. పెంచకుండా ముగించి ఉంటే ఆ తేడా తేలేది కాదు. రిపోర్టులోనే ఒక పేజీలో ఆ లెక్క కూడా వేశారు.

ఇప్పుడు నీకు బాగా మంట పుట్టే మాట. నేను ముసుగు తీసి చూసిన లెక్కని కూడా రిపోర్టు చివర అచ్చేశారు. తీసి చూడు. అటూ కాదు, ఇటూ కాదు. పనిచేస్తోందని చెప్పడానికి లేదు, లేదని చెప్పడానికీ లేదు. నాకే తెలియదు! ఏమీ తెలియనిదాని ముఖం చూసి అంతా తెలుసుకున్నావు. నేను దిగులుగా ఉన్నది పన్ను పోయినందుకు, పని పోయినందుకు. ఆ ఆఫీసులో నాకున్నది ఆ ఒక్క ట్రయలే. ఆ పైన నువ్వు నన్ను కడుపుమంట అన్నందుకు. అది మాత్రం బాగా గుచ్చుకుంది. ఇప్పటికీ ఉంది. పోతుందిలే.

నువ్వు హెడ్ అవ్వలేదు. అవ్వాల్సింది. ఆ సింహం కింద నువ్వు పనిచేయాలంటే నాకు ఒళ్ళు మండుతోంది. ఈ మాట మీ కంపెనీలో ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నాను. ఆ రోజు నువ్వు లేచి పక్కకి జరగకపోతే, ఇవాళ ఆ మాత్ర ఉండేది కాదు. దానివల్ల బాగుపడిన ఒక్కరికి కూడా నీ సంగతి తెలియదు. మాస్టారి కోర్సులో ఇలాంటిదానికి చప్పట్లు ఉండవు.

నువ్వు లేక నాకు ఏమీ తోచలేదు. రాయొద్దన్నది నేనే. అయినా పోస్టు వచ్చే వేళకి తలుపు తీసుకుని గుమ్మంలో కూర్చునేదాన్ని. బెంగ పెట్టుకున్నానే. ఈ మాట వెనకాల ఇంకేమీ లేదు, వెతక్కు. వెంటనే జవాబు రాయి.

పెద్దమ్మ